తోడుకోని రాత్రి

గురువారం మధ్యాహ్నం వేసిన తోడు
శుక్రవారం పొద్దెక్కినా లేవలేదు.

తొట్టె మూత ఎత్తి చూశాను.
బార్లీ కషాయం మీద ఒక్క బుడగ లేదు.
నా మొహం మాత్రం కనపడింది, గోధుమరంగులో,
అరవై తొమ్మిదేళ్ళ మొహం, ముక్కు మరీ పెద్దదిగా.

అటక మీద దూలానికి వేలాడే కొయ్య గొలుసు
మా అమ్మ నాటిది. దాని సందుల్లో
ఎండిన ఈస్టు, పాత సున్నంలా పెచ్చులు పెచ్చులుగా.
నేను బీరు కాచి నాలుగేళ్ళయింది.
నాలుగేళ్ళు ఎవరూ పలకరించకపోతే
పిలవగానే నేను మాత్రం లేస్తానా?

ఆదివారం పిల్లకి పేరు పెడతారు.
ఫ్యోర్డ్ దిగువ ఊళ్ళ నుంచి నలభై మంది పడవ దిగుతారు.
కొట్లో కొన్న సీసాలు పెట్టినా తాగుతారు, ఏమీ అనరు.
ఆ ఏమీ అనకపోవడమే నేను భరించలేను.

చేయాల్సినవన్నీ చేశాను.
తొట్టెకి గొర్రెతోలు చుట్టాను, దాని మీద నా చర్చి కోటు.
వేడినీళ్ళ సీసాలు పక్కన పడుకోబెట్టాను.
కొయ్య గరిటెతో అడుగుదాకా కలిపాను, గాలి తగలాలని.
చెంబుడు కషాయం విడిగా తీసి చెంచాడు పంచదార వేసి
మిగిలిన నాలుగు పెచ్చులూ అందులో నలిపి
పొయ్యి పక్కన పెట్టి, పాల కోసం కాచుకున్న పిల్లిలా
దాని ముందు కూచున్నాను.
రెండు గంటలకి ఒక బుడగ వచ్చింది.
అది పగిలింది. రెండోది రాలేదు.

తొట్టెకి చెవి ఆనించాను.
బాగా లేచిన తొట్టెలో వాన కురుస్తున్నట్టుంటుంది.
ఇప్పుడా వాన బయటే ఉంది, రేకు మీద.

తప్పు నాదే. తోడు వేసేప్పుడు అరవాలి,
గొంతు చించుకుని, కొండ అవతలికి వినపడేలా.
అరుపు ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిదనేది అమ్మ.
కానీ గోడ అవతల పిల్ల అప్పుడే పడుకుంది,
మూడు రాత్రుల తర్వాత మా సోల్వి కూడా.
నేను పెదాలకి చెయ్యి అడ్డం పెట్టుకుని
గుసగుసగా అరిచాను.
జోలపాట అనుకుందేమో, అదీ పడుకుంది.

సాయంత్రం ఖాళీ జామ్ సీసా జేబులో వేసుకుని
సివెర్ట్ ఇంటికి నడిచాను.
మాకు ఆరేళ్ళుగా మాటల్లేవు.
తన గట్టు మీద జూనిపర్ కొమ్మలు నరికానని అతను,
అది నా గట్టేనని నేను.
ఒకే కొట్లో ఒకే వరసలో నిలబడి
చెరో వైపు చూస్తూ వెన్న కొనుక్కుంటాం.

తలుపు తీశాడు. సీసా చూపించాను.
"తోడు కావాలి" అన్నాను.
నోరు దాటాక గాని తెలియలేదు
ఆ మాట ఎన్ని రకాలుగా వినపడుతుందో.
"ఈస్టు" అన్నాను గబగబా.

సివెర్ట్ నవ్వలేదు. ఫ్రీజర్ తెరిచి
కాడ్ చేప ముక్కల అడుగు నుంచి ఓ పొట్లం లాగాడు.
మీద పెన్సిల్‌తో మా అమ్మ పేరు.
వాళ్ళ నాన్న ఎప్పుడో మా ఇంటి నుంచి పట్టుకెళ్ళిందే.
ఏటా కాస్తూ, ఏటా ఎండబెడుతూ
మా దానికంటే పడుచుగా ఉంచాడు.
"నీకివ్వను గూరో, పాడుచేస్తావు. నేనే వస్తా."

రాత్రి పదకొండు. గోరువెచ్చని కషాయంలో నానబెట్టి
తొట్టెలోకి వంచి, నా వంక చూశాడు.
"పిల్ల పడుకుంది."
"పడుకోనీ" అని ఊపిరి పీల్చి
అరిచాడు.

అటక మీద గొలుసు గలగలమంది.
కుక్క బల్ల కిందికి దూరింది.
గోడ అవతల, ఇంకా పేరులేనిది నిద్రలేచి
అంతకు రెట్టింపు అరిచింది.
సోల్వి ఏమందో ఇక్కడ చెప్పను.

రెండున్నరకి మూత కింద సన్నగా వాన మొదలైంది.
సివెర్ట్ కుర్చీలోనే నిద్రపోయాడు, బూట్లు కూడా విప్పకుండా.
గట్టు ఎవరిదో ఇంకా తేలలేదు.
పీపా కడగడానికి ఇంకో మోపెడు జూనిపర్ కావాలి.
ఏ వైపు నరకమంటాడో
లేచాక అడుగుతాను.